దేవుడు ఊరికే క్షమించేయకూడదా? గుణుపూర్ నుంచి వచ్చిన ప్రశ్నకి జవాబు

అమ్మా, మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, మధ్యలో వచ్చి చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. మీ పుట్టిల్లు పర్లాకిమిడి, మెట్టినిల్లు గుణుపూర్. అత్తవారు క్రైస్తవులు, మీరు కాదు. ఈ ఏడు గుడ్ ఫ్రైడే నాడు అత్తగారితో కలిసి మూడు గంటల ఆరాధనలో కూర్చున్నారు. "యేసు మనకి బదులు చనిపోయాడు, మన శిక్షని దేవుడు ఆయన మీద వేశాడు" అని పాస్టరు గారు చెప్పారు. ఆ రాత్రి ఫోన్‌లో ఈ మాట చెబితే, ఒకప్పుడు ప్లీడరు గుమాస్తాగా చేసిన మీ నాన్నగారు అడిగారు: "ఒకడి నేరానికి ఇంకొకడికి ఉరి వేసే జడ్జిని ఏమంటారమ్మా? దేవుడు అంత గొప్పవాడైతే ఊరికే క్షమించేయకూడదా?" జవాబు తోచక ఇక్కడ పెట్టారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న ఉంది, దానికి ముందు గురువారం రాత్రి ఆరాధనలో పంచిన రొట్టె, ద్రాక్షరసం మీకెందుకు ఇవ్వలేదని. దాని సంగతి ఆఖర్న చూద్దాం.

నేను రాయగడ, కోరాపుట్ వైపు లూథరన్ సంఘాల్లో పాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. పొద్దున తెలుగులో, తర్వాత ఒడియాలో, కొండమీద ఊళ్లకి వెళ్తే దుబాసీని పక్కన పెట్టుకుని ప్రసంగం చెప్పినవాణ్ని. ఈ ప్రశ్న నాకు అన్ని భాషల్లోనూ ఎదురైంది. అడిగినవాళ్లని "విశ్వాసం లేదు" అని కసిరే పాస్టర్లని కూడా చూశాను. అది తప్పు. ఎందుకంటే మీ నాన్నగారు అడిగిన మాట బైబిల్లోనే ఉంది. యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం తీయండి. పాపం చేసినవాడే చస్తాడు, తండ్రి దోషాన్ని కొడుకు మోయడు, కొడుకు దోషాన్ని తండ్రి మోయడు అని ప్రవక్త ఖరాఖండిగా చెప్తాడు. క్రైస్తవ ప్రపంచంలో కూడా ఇది పాత తగువే. ఇటలీవాడు ఫౌస్టస్ సోసీనస్ 1594లో సరిగ్గా ఇదే వాదం అచ్చు వేయించాడు. అప్పు ఒకరిది ఇంకొకరు తీర్చవచ్చు గాని నేరం చేతులు మారదు, పైగా క్షమించడం, బాకీ పూర్తిగా వసూలు చేయడం రెండూ ఒకేసారి కుదరవు అన్నాడు. దానికి సమాధానం చెప్పడానికి 1617లో పూనుకున్నది డచ్చి న్యాయవాది హ్యూగో గ్రోషియస్. అంటే కోర్టు మనుషులకి ఈ విషయం మొదట్నుంచీ మింగుడు పడలేదన్నమాట. మీ నాన్నగారు మంచి జట్టులోనే ఉన్నారు.

ఇక అసలు సంగతి. మీ నాన్నగారి కోర్టులో ముగ్గురున్నారు. బెంచి మీద జడ్జి, బోనులో నేరస్థుడు, ఈ ఇద్దరితోనూ సంబంధం లేని ఒక అమాయకుడు. జడ్జి నేరస్థుణ్ని వదిలేసి అమాయకుణ్ని ఉరికంబం ఎక్కించాడు. క్రైస్తవులు నమ్మేది ఇదే అయితే నేను కూడా వెళ్లి మీ నాన్నగారి పక్కన కూర్చుంటాను. కానీ ఆ మూడోమనిషి క్రైస్తవ విశ్వాసంలో లేడు. యేసు దేవుడు ఎక్కణ్నుంచో పట్టుకొచ్చిన బయటివాడు కాడు, దేవుడే మనిషిగా వచ్చాడు అన్నది ఆ విశ్వాసానికి మూలం. 325లో నీకయ సభలో బిషప్పులు తల బద్దలు కొట్టుకున్నది దీని గురించే. కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడే అని అరియస్ అనే పాదిరి బోధించాడు. సభ ఒప్పుకోలేదు, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడు అని విశ్వాసప్రమాణంలో రాసింది. పైకి చూస్తే పండితుల గొడవలా ఉంటుంది. కానీ అరియస్ మాటే నెగ్గి ఉంటే మీ నాన్నగారి ఆక్షేపణకి ఈనాటికీ జవాబు ఉండేది కాదు. సృష్టించినవాడు తాను సృష్టించిన ఒక జీవిని పట్టుకుని మిగతావాళ్ల బదులు చంపించినట్టే అయ్యేది.

రెండోవైపు కూడా చూడాలి. 451లో కల్కెదోను సభ యేసు సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని తేల్చింది. కాబట్టి బోనులో నిలబడ్డది కూడా మనవాడే, మనిషే. తీర్పు చెప్పాల్సినవాడే దిగొచ్చి బోనులో నిలబడి, ఆ తీర్పుని తన మీద వేసుకున్నాడు అని క్రైస్తవులు నమ్ముతారు. దాన్ని నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ నాన్నగారి ఇష్టం. కాని కాదనేటప్పుడు దీన్నే కాదనాలి, ఆ ముగ్గురి కథని కాదు.

యేసుని ఎవరూ బలవంతాన నెట్టలేదు అన్నది కూడా ఇందులో భాగమే. యోహాను సువార్త 10వ అధ్యాయంలో ఆయన మాట: "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను."

మా పాస్టర్ల మీద నాకున్న ఫిర్యాదు ఇక్కడ చెప్పుకోవాలి. గుడ్ ఫ్రైడే నాడు కొందరు ఊపులో, తండ్రి ఉగ్రుడై కత్తి ఎత్తినట్టు, కుమారుడు పరుగున వచ్చి అడ్డం పడ్డట్టు చెప్తారు. వినేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు, నిజమే. కానీ ఆ బొమ్మలో దేవుడు రెండు ముక్కలయ్యాడు, కోపిష్టి ఒకడు, దయగలవాడు ఒకడు. తొలి క్రైస్తవ బోధకుడు పౌలు రాసింది దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది: మనమింకా పాపులుగా ఉండగానే క్రీస్తు చనిపోవడం వల్ల దేవుడు తన ప్రేమని వెల్లడి చేశాడు (రోమా 5వ అధ్యాయం). సిలువ చూశాక దేవుడికి ప్రేమ పుట్టుకురాలేదు, ముందే ప్రేమ ఉంది కాబట్టి సిలువ దాకా వచ్చాడు.

ఇంక "ఊరికే క్షమించేయకూడదా" అన్న రెండో ముక్క. ఊరికే అన్నచోట నేను ఆగుతాను. పెద్ద నష్టాన్ని క్షమించినవాళ్లని ఎవర్నైనా దగ్గర్నుంచి చూడండి, ఊరికే అయిందేమో. మన ఒడిషాలో జరిగిందే చెప్తాను. 1999 జనవరి 22 రాత్రి కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌నీ, ఫిలిప్, తిమోతి అనే ఇద్దరు పసి కొడుకుల్నీ సజీవంగా తగలబెట్టారు. ఆయన బారిపదాలో కుష్ఠురోగుల ఆశ్రమం చూసుకునేవారు. చంపినవాళ్లని క్షమిస్తున్నానని ఆయన భార్య గ్లాడిస్ చెప్పారు. చెప్పి, ఇంకొన్నేళ్లు ఆ ఆశ్రమం పని చూసుకుంటూ ఇక్కడే ఉన్నారు. 2005లో ప్రభుత్వం ఆమెకి పద్మశ్రీ ఇచ్చింది. కేసు మాత్రం తన దారిన తాను నడిచింది. ప్రధాన ముద్దాయికి పడిన ఉరిని అదే ఏడు హైకోర్టు యావజ్జీవం చేసింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమించడం వల్ల భర్త, పిల్లలు తిరిగి రాలేదు. నష్టమంతా అలాగే ఉంది, ఆమె దాన్ని ఎవరి మీదా పగగా విసరకుండా తానే మోసుకున్నారు. క్షమాపణలో ఎప్పుడూ జరిగేది ఇదే. చేసినవాడు కట్టకపోతే క్షమించినవాడు కడతాడు, మధ్యలో మాయమయ్యేది ఏమీ ఉండదు.

దేవుడి విషయంలో ఇంకో చిక్కు ఉంది. గ్లాడిస్ తనకి జరిగినదాన్ని క్షమించగలరు. ఇంకో ఊళ్లో ఇంకో తల్లికి జరిగినదాన్ని ఆమె క్షమిస్తానంటే మనం ఒప్పుకోం. మరి లోకంలోని ప్రతి అన్యాయానికీ దేవుడు "పోనీలే" అనేస్తే, నష్టపోయినవాళ్ల మొర ఎవరు వింటారు? గుమాస్తాగా బాధితుల కాగితాలు రాసిన మీ నాన్నగారికి ఈ మాట బాగా తెలుస్తుంది. అందుకే పౌలు రోమా పత్రిక 3వ అధ్యాయంలో దేవుడు తానూ నీతిమంతుడుగా ఉండి, పాపిని కూడా నీతిమంతుడుగా తీర్చాలి అని రెండు కొసలూ పట్టుకుంటాడు. ఒక కొస వదిలేస్తే పని సులువే. తప్పుని తప్పు అని నిర్మొహమాటంగా చెప్పాలి, చేసినవాణ్ని నాశనం చేయకుండా వదలాలి, దాని భారం వేరేవాడి నెత్తిన రుద్దకుండా తానే భరించాలి. ఈ మూడూ ఒకచోట కలిసింది సిలువలోనే అని మేం చెప్తాం.

ఆ సిలువ చరిత్రలో ఏమిటో కూడా కొంచెం తెలియాలి, ఎందుకంటే ఇప్పుడది బంగారు గొలుసుకి వేలాడే వస్తువైపోయింది. రోమన్లు దాన్ని బానిసలకీ, తిరగబడ్డవాళ్లకీ వేసేవారు. క్రీస్తు పూర్వం 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక కాపువా నుంచి రోము దాకా రోడ్డు పొడవునా 6,000 మందిని సిలువ వేశారు. యేసుకి ఆ శిక్ష వేసిన పొంతి పిలాతు క్రీస్తు శకం 26 నుంచి 36 దాకా యూదయకి రోమా అధికారి. తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతుల్లో క్రీస్తు మరణశిక్ష పొందాడని క్రైస్తవుడు కాని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు. అలా చచ్చినవాణ్ని దేవుడనడం ఆ రోజుల్లో ఎంత నవ్వులాట అంటే, రోములో పాలటైన్ కొండమీద ఒక గోడకి గీసిన పిచ్చిగీత 1857లో బయటపడింది. గాడిద తలతో ఒక మనిషి సిలువ మీద ఉంటాడు, కింద ఇంకొకడు చెయ్యి ఎత్తి మొక్కుతుంటాడు. "అలెక్సమెనోస్ తన దేవుణ్ని పూజిస్తున్నాడు" అని పక్కన రాత. పౌలు కూడా దాచుకోలేదు, సిలువ యూదులకి ఆటంకం, మిగతావాళ్లకి వెర్రితనం అని తానే రాసుకున్నాడు. మ్రాను (చెట్టు) మీద వేలాడదీసినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రంలోనే ఉండగా, ఆ శాపాన్ని మన కోసం మోశాడని గలతీయులకి రాశాడు.

మరి మొదటి క్రైస్తవులు ఆ చావుకి అర్థం ఎక్కడ వెతికారు? తమ పాత పుస్తకాల్లో. సుమారు 55లో పౌలు కొరింథువాళ్లకి రాస్తూ, లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడన్న ఉపదేశం తనకి ముందువాళ్లు అప్పగించినదే అంటాడు. ఏ లేఖనాలు? ఐగుప్తులో ద్వారబంధాలకి గొర్రెపిల్ల రక్తం పూసిన పస్కా రాత్రి ఒకటి. "మన యతిక్రమక్రియలనుబట్టి అతడు గాయపరచబడెను" అన్న యెషయా 53 ఒకటి. లేవీయకాండం 16లో ప్రాయశ్చిత్త దినం ఇంకొకటి. ఆ రోజు రెండు మేకల్ని తెస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తలమీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ ఉంచి, ప్రజల పాపాలన్నీ పైకి చెప్పి, అడవిలోకి తోలించేస్తాడు. పాపం కడగబడింది అనడానికి ఒక మేక, దూరంగా పోయింది అనడానికి ఇంకొకటి. బలి అంటే శిక్ష ఒక్కటే గుర్తొచ్చేవాళ్లు ఆ రెండో మేకని మర్చిపోతుంటారు. దాన్ని ఎవరూ చంపరు.

బలి గురించి మన ప్రాంతంలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. అమ్మవారి జాతరలో మేకపోతు మెడ చూస్తూ పెరిగినవాళ్లమే. సవరలు చనిపోయిన పెద్దల ఆత్మలకి దున్నని ఇస్తారు. ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు, కీడు తగిలింది, సరిచేసుకోవాలి, దానికి విలువైనదేదో వదులుకోవాలి అన్న ఆలోచన లోతైనది. పుట్టాసింగి వైపు ఒక సవర ఊళ్లో నా ప్రసంగం అయ్యాక ఒక ముసలాయన చుట్ట ఆర్పి చెవి వెనక దోపుకుని అడిగాడు, మీ దేవుడు ఏం అడుగుతాడు అని. ఏమీ అడగడు, తానే ఇచ్చాడు అన్నాను. ఇచ్చాక మళ్లీ అడగడా అన్నాడు. లేదు, ఒక్కసారే అని హెబ్రీ పత్రికలోది చెప్పాను. ఎన్నాళ్లయింది అన్నాడు. రెండు వేల ఏళ్లు కావస్తోంది అని దుబాసీ చెప్పగానే పెద్దగా నవ్వి, "మరి మా తాతకి చెప్పలేదేం?" అన్నాడు. జర్మనీలోని బ్రెక్లుం నుంచి మిషనరీలు ఈ జయపురం సంస్థానానికి వచ్చిందే 1882లో అని లెక్క చెప్పబోయి ఊరుకున్నాను. అతను అడిగింది లెక్క కాదు.

కానీ అతని మొదటి ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది. మామూలుగా బలిలో మనిషి ఇస్తాడు, దేవత పుచ్చుకుంటుంది. సిలువ దగ్గర ఆ వరస తిరగబడుతుంది. ఇచ్చేది దేవుడు, పుచ్చుకునేది మనం. "దేవుడు క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు" అని పౌలు రాసిన వాక్యంలో కర్త ఎవరో చూడండి. ఈ తేడా పట్టుకోకుండా సిలువని కూడా దేవుణ్ని శాంతింపజేసే ఇంకో జాతరలా చెప్తే, మీ నాన్నగారికి కోపం రావడం న్యాయమే.

యేసు తానే చెప్పిన మాట ఇంకొకటుంది, అనేకులకి ప్రతిగా తన ప్రాణాన్ని విమోచన క్రయధనంగా, అంటే విడిపించడానికి కట్టే సొమ్ముగా, ఇస్తానని (మార్కు 10వ అధ్యాయం). ఈ మాట మన కోరాపుట్ వైపు పెద్దవాళ్లకి వివరించాల్సిన పని ఉండేది కాదు. గోతి అంటే మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. పెళ్లికో, జరిమానాకో సాహుకారు దగ్గర చిన్న అప్పు తీసుకుని, అది తీరేదాకా వాళ్లింట్లో కట్టు కూలీగా పడి ఉండటం. వడ్డీ ఎప్పటికీ తెగదు, తండ్రి పోతే ఆ పని కొడుకు మెడకి చుట్టుకుంటుంది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక కూడా దాని జ్ఞాపకం పోలేదు. అలాంటి గోతి కూలీ తన బాకీ తాను ఎప్పటికీ తీర్చుకోలేడు, బయటినుంచి ఎవరో వచ్చి కట్టాలి. పాపం అంటే చేసిన తప్పుల చిట్టా మాత్రమే అనుకునేవాళ్లకి ఈ సంగతి అందదు. మనిషి తప్పు చేయడమే కాదు, దానికి బానిసై కూడా ఉన్నాడు, విడిపించాలి అన్నది విమోచన అన్న మాటకి ప్రాణం.

అయితే ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. కట్టిన సొమ్ము ఎవరికి ముట్టింది? పాతకాలంలో ఓరిగెన్ లాంటివాళ్లు సాతానుకి అన్నారు. 4వ శతాబ్దంలో నీస్సా గ్రెగొరీ అయితే, యేసు మానవదేహం ఎర, లోపలి దైవత్వం గాలం, సాతాను ఎర మింగి గాలానికి చిక్కాడు అని కథ అల్లాడు. ఆయన స్నేహితుడు నాజియాన్జు గ్రెగొరీకి ఇది నచ్చలేదు. దొంగకి దేవుడు సొమ్ము కట్టడమేమిటి, సిగ్గుచేటు అన్నాడు. పోనీ తండ్రికి కట్టాడా అంటే, ఆయనేమీ మనల్ని బంధించలేదే అన్నాడు. నాకు ఈ రెండో గ్రెగొరీ అంటే గౌరవం. ఉపమానాన్ని ఎంతవరకు లాగాలో అంతవరకే లాగాడు.

తర్వాతవాళ్లని త్వరగా చూసేద్దాం. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అన్సెల్ము 1098లో, పాపమంటే దేవుడికి చెందాల్సిన ఘనతని ఎగ్గొట్టడం, అది మనిషే తీర్చాలి, దేవుడు తప్ప ఎవరూ తీర్చలేరు, అందుకే దేవుడే మనిషి కావలసి వచ్చింది అని తర్కించాడు. తర్వాతి తరంలో అబెలార్డు, అంత ప్రేమ చూసి మన మనసు కరిగి మారడమే సిలువ పని అన్నాడు. అందులో నిజం లేకపోలేదు గాని, నన్ను నీటిలోంచి లాగకుండా ఒడ్డున నిలబడి ప్రేమ చూపిస్తే నాకేం లాభం అని అడిగేవాళ్లకి అది చాలదు. మా లూథరన్ సంఘాలకి మూలపురుషుడు లూథర్ 1520లో రాసిన పోలిక కొత్త కోడలైన మీకు నచ్చవచ్చు: పెళ్లిలో వధువు అప్పులన్నీ వరుడివి అవుతాయి, వరుడి ఆస్తి అంతా వధువుది అవుతుంది, క్రీస్తుకీ విశ్వాసికీ మధ్య జరిగేది ఆ మార్పిడే అన్నాడు. ఆయన తర్వాతి సంస్కర్త, లా చదివిన కాల్విను దాన్ని కోర్టు భాషలో, శిక్షగా, గట్టిగా చెప్పాడు. గుడ్ ఫ్రైడే నాడు మీరు విన్నది ఈ కాల్విను దారిలోనిది. యెషయా 53 ఉండగా దాన్ని కొట్టిపారేయలేం, కానీ అదొక్కటే సిలువ అంటే నేను ఒప్పుకోను. 20వ శతాబ్దంలో స్వీడన్ బిషప్పు గుస్తాఫ్ ఔలెన్, తొలి శతాబ్దాలవాళ్లు సిలువని ముఖ్యంగా మరణం మీద, సాతాను మీద విజయంగా చూశారని గుర్తుచేశాడు. ఆర్థడాక్సు సంఘాలవాళ్లు ఈస్టరుకి ఇప్పటికీ పాడేది అదే, మరణంతో మరణాన్ని తొక్కేశాడని.

వీటిలో ఏది "అధికారికం" అని మీకు అనుమానం రావచ్చు. మేం ప్రతి ఆదివారం చెప్పే విశ్వాసప్రమాణంలో పొంతి పిలాతు కాలంలో శ్రమపడ్డాడు, సిలువ వేయబడ్డాడు, చనిపోయాడు, పాతిపెట్టబడ్డాడు అని ఉంది. నీకయ ప్రమాణం "మన కొరకు" అని చేర్చింది. ఎలా మన కొరకు అన్నది పాత సర్వసంఘ సభలేవీ ఒక సిద్ధాంతంగా బిగించలేదు. క్రీస్తు ఎవరన్న విషయంలో అక్షరం అక్షరం తూచినవాళ్లు ఇక్కడ వదిలేశారు.

ఆ శుక్రవారం మీరు విన్న, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది గుర్తుందా? "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" ప్రసంగానికి నన్ను ఏ మాట కావాలని అడిగితే ఇదే పుచ్చుకునేవాణ్ని, మిగతావాళ్లు దీన్ని తప్పించుకునేవారు. ఆ పూట బలిపీఠం మీద నల్ల గుడ్డ, పువ్వులుండవు, గంట కొట్టరు. పొద్దున్నుంచీ పస్తున్న ఆడవాళ్లు తెల్లచీరల్లో కింద చాపల మీద కూర్చుంటారు, ఫ్యాను తిరిగినా ఏప్రిల్ ఉక్క తగ్గదు. ఈ మాట చదవగానే ఎవరో ఒకరు ఏడుస్తారు, ఆ ఏడుపు ఎప్పుడూ యేసు కోసమే కాదు. మొగుడు పోయినావిడ, కొడుకు సూరత్ మిల్లు నుంచి తిరిగి రానావిడ, తమ మాటే అక్కడ వింటారు. అది 22వ కీర్తన మొదటి పాదం. దేవుడు లేడని ఎవరూ దేవుణ్నే పిలిచి అడగరు, అడిగేది నమ్మకం వదులుకోనివాడే. రెండో ప్రపంచయుద్ధంలో ఖైదీగా ఉండి వచ్చిన జర్మన్ వేదాంతి మోల్ట్‌మన్ ఈ కేక చుట్టూనే తన వేదాంతం కట్టాడు. తండ్రి పైన సుఖంగా కూర్చుని చూస్తూ ఉండలేదు, కుమారుడు చావుని అనుభవిస్తే తండ్రి కొడుకుని పోగొట్టుకునే దుఃఖాన్ని అనుభవించాడు అన్నాడు. దేవుడికి బాధ అంటదని పాత వేదాంతులు చెప్పిన దానికి ఇది ఎదురు, అందరూ ఒప్పుకోరు. కుష్ఠురోగుల వార్డుల్లో, చావు ఇళ్లలో నిలబడి మాట్లాడాల్సి వచ్చిన నాకు మాత్రం ఇది చేతికందిన మాట.

ఇంకొకటి. శుక్రవారం మాత్రమే వచ్చి ఆదివారం రాని మనిషికి సగమే వినపడుతుంది. క్రీస్తు చావులోంచి తిరిగి లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థం, మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారు అని పౌలు తేల్చేశాడు. చావే బాకీ తీర్చేస్తే ఈ మాట ఎందుకు అనాలి? లేవకపోతే యేసు రోమన్ల చేతుల్లో చచ్చిన వేలమందిలో ఒకడు, అంతే. లేచాడు కాబట్టే ఆ చావుని వెనక్కి తిరిగి చూసి అర్థం చెప్పుకున్నారు. వచ్చే ఏడు ఈస్టరు తెల్లవారుజామున అత్తగారు సమాధుల దగ్గరికి కొవ్వొత్తులు, పూలు పట్టుకెళ్తే మీరూ వెళ్లండి.

మీ నాన్నగారు ఒప్పుకోకపోతే ఆయన ఒంటరేమీ కాదు. యూదులు ఇవే లేఖనాలు చదివి, పశ్చాత్తాపానికి దేవుడు క్షమిస్తాడు, "నేను బలిని కోరను గాని కనికరమునే కోరుచున్నాను" అని హోషేయ చెప్పలేదా అంటారు. యేసుని ప్రవక్తగా గౌరవించే ముస్లింలు అసలు ఆయన్ని సిలువ వేయలేకపోయారు అంటారు, ఖురాను 4వ సూరా 157వ ఆయతు దీనికి ఆధారం. వాదించి గెలవాలని చూడకండి. ఆయనకి చదివే అలవాటుంటే మార్కు సువార్త 14 నుంచి 16 దాకా ఒక్క బిగిన చదవమనండి, చిన్నదే, అరగంట పని. అందులో రెండు విచారణలున్నాయి, ఒకటి యూదు పెద్దల మహాసభలో, ఒకటి పిలాతు ముందు. సాక్షుల మాటలు ఒకదానికొకటి కుదరకపోవడం, నేరం కనపడకపోయినా జనం కోసం అధికారి శిక్ష వేయడం, గుమాస్తా కళ్లకి నాకంటే ఎక్కువే కనపడతాయి. ఆ తర్వాత యెహెజ్కేలు 18, యెషయా 53 పక్కపక్కన పెట్టుకుని చదవమనండి. రెండూ ఒకే బైబిల్లో ఎందుకున్నాయో ఆయనే అడుగుతారు.

ఇప్పుడు మీ చిన్న ప్రశ్న. గురువారం రాత్రి జరిగింది ప్రభువు బల్ల. చనిపోవడానికి ముందు రాత్రి యేసు రొట్టె విరిచి ఇది నా శరీరం అన్నాడు. గిన్నె ఇచ్చి, పాపక్షమాపణ నిమిత్తం అనేకుల కోసం చిందింపబడే నిబంధన రక్తం అన్నాడు. తన చావుకి అర్థం ఆయన ప్రసంగంలో కంటే భోజనం దగ్గరే ఎక్కువ చెప్పాడు. లూథరన్ సంఘాల్లో, చాలా మిగతా సంఘాల్లో కూడా బాప్తిస్మం పొంది ఉపదేశం నేర్చుకున్నవాళ్లకే దాన్ని ఇస్తారు. మిమ్మల్ని చిన్నచూపు చూసి కాదు, ఆ నిబంధనలో చేరతానని మీరు ఇంకా చెప్పలేదు కాబట్టి మీ తరఫున వాళ్లు నిర్ణయించలేదు. మా చిన్నపిల్లలకీ ఇవ్వం. అయినా కూర్చున్నచోటే ఉండిపోనక్కర్లేదు. వరసలో అత్తగారితో ముందుకు వెళ్లి చేతులు కట్టుకుని మోకరిస్తే, చాలామంది పాస్టర్లు తలమీద చెయ్యి ఉంచి దీవిస్తారు. ముందురోజే ఆయనకో మాట చెప్పి ఉంచండి, రొట్టె పట్టుకుని మీ ముందుకొచ్చి కంగారు పడకుండా ఉంటారు.